తుపాను రాకముందే పాలసీ కాగితం చేతికి రావాలి

తెనాలి, బాపట్ల, రేపల్లె వర్తకులకు, మిల్లుల వారికి, గోదాముల యజమానులకు విజ్ఞప్తి

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తొమ్మిది నెలలు తిరక్కుండానే ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చి కృష్ణ ఒడ్డున లంక గ్రామాలను ముంచేసింది. 1977 ఉప్పెన, 1990 మే తుపాను చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఇలాంటి చోట వ్యాపారం చేస్తూ బీమాను బ్యాంకు వాళ్ల పనిగా వదిలేస్తే ఎలా?

థర్డ్ పార్టీ బీమా లేని లారీ రోడ్డెక్కితే చట్టం ఒప్పుకోదు. కొట్లో సరుకుకు మాత్రం, అప్పు తీసుకుంటేనే బ్యాంకు బీమా చేయిస్తుంది. ప్రీమియం మన ఖాతాలోంచే పోతుంది, పాలసీ బ్యాంకు ఫైల్లో ఉండిపోతుంది. ఎంతకు చేశారో, ఏ చిరునామాకు చేశారో మనలో చాలామంది చూడరు. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక లెక్క చూడండి. గోదాములో 20 లక్షల మినుములున్నాయి, పాలసీ 10 లక్షలకే ఉంది. రాత్రికి రాత్రి నీళ్లొచ్చి అడుగు వరుస బస్తాలు నాని మొలకలొచ్చాయి. నష్టం 4 లక్షలు. పదిలోపే కాబట్టి నాలుగూ వస్తాయని యజమాని ధీమా. సగం విలువకే బీమా ఉంది గనుక సర్వేయరు నష్టంలో సగమే లెక్క కడతాడు, 2 లక్షలు. అందులోనూ కొంత మినహాయింపు. ఇక పాలసీలో బజారు కొట్టు చిరునామా ఉండి, సరుకు ఊరి చివర గోదాములో తడిస్తే ఆ రెండు లక్షలకూ దిక్కుండదు.

మంచి పాలసీలు లేకపోలేదు. ఒకచోట ఉన్న ఆస్తి, సరుకు విలువ 5 కోట్ల లోపైతే ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ 2021 ఏప్రిల్ నుంచి అందుబాటులో ఉంది. అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద కూడా అందులోనే వస్తాయి. విలువ 15 శాతం వరకు తక్కువ రాసినా కోత పెట్టరు.

బడ్డీకొట్టుకు బీమా నిర్బంధం చేయమని మేం అడగడం లేదు. పరుల సరుకు దాచే మిల్లు, గోదాము, కోల్డ్ స్టోరేజీ సంగతి వేరు. దుగ్గిరాలలో పసుపు దాచుకున్న రైతుకు, తన బస్తాలకు బీమా ఎంతుందో రసీదు మీదే కనబడాలి. అలాంటి చోట్ల లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు అధికారులు పాలసీని చూసి తీరాలి. బ్యాంకులు ప్రతి ఖాతాదారుకూ పాలసీ నకలు, తెలుగులో ఒక పేజీ వివరం ఇవ్వాలి. ఏటా ఆగస్టులో మన మూడు ఊళ్ల వర్తక సంఘాలు బ్యాంకులను, బీమా కంపెనీలను ఒకచోట కూర్చోబెట్టి పాలసీలన్నీ సరిచూడాలి. 2004లో ఇవాన్ తుపాను గ్రెనడా ద్వీపాన్ని నేలమట్టం చేశాక కరీబియన్ దేశాలు 2007లో ఉమ్మడి బీమా నిధి పెట్టుకున్నాయి. దేశాలకు దేశాలే కలిసినప్పుడు మన సంఘాలు కలవలేవా?

క్లెయిం తిరస్కరిస్తే సొంత పేరున వ్యాపారం చేసేవారు, సూక్ష్మ సంస్థలు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. సర్వేయరు వచ్చేదాకా తడిసిన సరుకు పారేయకండి, ఫొటోలు తీసి ఉంచండి.

ఈ వారమే బ్యాంకుకు వెళ్లి పాలసీ నకలు అడగండి. సరుకు విలువ, గోదాము చిరునామా, గడువు తేదీ చూసుకుని, తప్పుంటే రాతపూర్వకంగా దిద్దించుకోండి.