ఆ కాగితం చూపించు

నాయన పోయిన పదకొండో దినం మా అన్న చెప్పినాడు, నాయన వీలునామా రాసినాడని, ఆడపిల్లలకేమీ లేదని. చూపించమన్నాను. "నా మీద నమ్మకం లేదా పాపా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో తప్పు నాదైపోయింది.

ప్రొద్దుటూరులో ఇల్లు, జమ్మలమడుగు దగ్గర చేను, పులివెందుల వైపు చీనీతోట. వీలునామాను ఆస్తి ఉన్న చోటే రిజిస్టరు చేయాలనే నియమం లేదు. అందుకే మూడు ఊళ్లూ తిరిగాను. ఈసీ తీస్తే తెలుస్తుందనుకున్నాను. ఈసీలో కనిపించేవి ఒకటో పుస్తకంలోని లావాదేవీలే. వీలునామాలు ఎక్కేది మూడో పుస్తకంలో. రాసిన మనిషి పోయాక, అడిగిన ఎవరికైనా దాని నకలు ఇవ్వాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. అయినా ఒక కార్యాలయంలో గుమస్తా నా దరఖాస్తు కంటే ముందు నా మెడలోని నల్లపూసలు చూసి, "పెండ్లి చేసి పంపించినారు గదమ్మా, ఇంగేం కావల్ల?" అన్నాడు.

మూడు చోట్లా లేదు. సీలు కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే వీలుంది. అక్కడా లేదు. అంతమాత్రాన వీలునామా లేనట్టు కాదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గనక, ఇద్దరు సాక్షుల సంతకాలతో తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. ఆ కాగితం ఉండే బీరువా తాళంచెవి ఎవరి మొలతాడుకుంటుంది? నా పోట్లాట ఇక్కడే.

2005 సవరణ పెండ్లయిన కూతురికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. ఆనాటికి తండ్రి బతికుండాల్సిన పని లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం తెరిచిన తలుపుకు ఇంట్లో వీలునామా గడియ పడుతోంది. ఉమ్మడి ఆస్తిలో నాయన రాయగలిగింది తన వాటా వరకే, నా వాటా కాదు. స్వార్జితం ఎవరికైనా రాయొచ్చు. నిజంగా రాసి ఉంటే తలొంచుతాను. కానీ రుజువు చేయాల్సింది వీలునామా ఉందన్నవాళ్లే. 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది.

ప్రొద్దుటూరు అంగట్లో కొన్న బంగారే నా భాగమంట. మరి అన్న చదువు, అన్న వ్యాపారానికి పెట్టిన డబ్బు ఎవరి భాగం?

మనం సభల్లో ఆస్తిహక్కు గురించి గంటలు మాట్లాడతాం. సొంత అన్న ముందు మాత్రం గొంతు పెగలదు. పుట్టిల్లు దూరమవుతుందని భయం. నోరు మూసుకుంటేనే నిలిచే పుట్టిల్లు మనదెట్లా అవుతుంది?

మొన్న అన్న హక్కు విడుదల పత్రం పంపించినాడు, సంతకం పెట్టమని. వీలునామా ఉంటే నా సంతకంతో పనేముంది? పత్రం వెనక్కి పంపాను. నాయన రాత నాకు గుర్తే. ముందు దాన్ని చూడనీ.