లారీ వయస్సును చూడవలెనా, బ్రేకును చూడవలెనా?

పత్తికాలము వచ్చినదనగా ఆదోని మార్కెట్టుకు పోవు దారులు బోరాల లారీలతో నిండిపోవును. వానిలో రంగు వెలసి, తలుపునకు తాడు బిగించుకొని, పదునైదేండ్లు దాటినను పరుగు మానని బండ్లు కొన్ని కనబడును. వీనిని తుక్కునకు పంపవలెనని పట్టణవాసులు సులభముగా అందురు. కొత్త లారీ వెల విన్నచో అంత సులభముగా అనరు.

2021లో కేంద్రప్రభుత్వము పాతవాహనములను తుక్కు చేయు విధానమును ప్రకటించినది. 2022 ఏప్రిల్ నుండి, పదునైదేండ్లు దాటిన భారీ వాహనమునకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు రుసుమును 12,500 రూపాయలు చేసినది. పదుల లారీలు గల సంస్థకు ఇది లెక్కలోనిది కాదు. ఒక్క లారీనే నమ్ముకొని బ్రతుకువానికి ఇది బ్రేకు లైనింగులకు, టైర్లకు దాచుకొన్న సొమ్ము. భద్రత పేర పుచ్చుకొను రుసుము భద్రతకు ఖర్చు కావలసిన సొమ్మునే మ్రింగుట వింతగా నున్నది.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరలో ఎద్దును కొను రైతు పళ్లు చూచును. కాని పళ్లతోనే బేరము ముగింపడు. నడిపించి చూచును, గిట్టలెత్తి చూచును. లారీ మేస్త్రీ చూపును అట్టిదే. బానెట్టు తెరువకమునుపే పొగను చూచును. నల్లపొగ యైనచో గాలి చాలుట లేదు, లేదా డీజిలు మితిమీరినది. నీలిపొగ యైనచో రింగులరిగి ఆయిలు కాలుచున్నది. ఇంజను వేడెక్కినను తెల్లపొగ ఆగనిచో సిలిండరులోనికి నీరు దిగుచున్నదేమో యని శంకించును. నల్లరేగడి దుమ్ము నిండిన గాలి ఫిల్టరును సకాలమున దులుపకున్న కొత్త ఇంజనైనను త్వరగా అరుగును. లైనర్లు, పిస్టన్లు మార్చి, క్రాంకు షాఫ్టును సాన పట్టించినచో పాత ఇంజను మరల ఏండ్లకొలది లాగును. మేస్త్రీ విద్య యేబడిలోను చెప్పునది కాదు. పానా అందించు కుఱ్ఱవాడు చూచి నేర్చుకొన్నది.

అట్లని పాతలారీని నెత్తిన పెట్టుకొనుటయు తగదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 ప్రమాణములతో వచ్చు లారీ పొగ మిక్కిలి తక్కువ. పాతబండికి ఎంత మరమ్మతు చేసినను అది తన కాలపు ప్రమాణమును దాటి శుభ్రము కాజాలదు. యజమానులలోను ఒక దోషము కలదు. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును గనుక అప్పు చేసియైన బాగు చేయింతురు. బ్రేకు అరిగినను బండి నడచును గనుక రేపు చూతమందురు. దానిపై మితిమీరిన బరువొకటి! ఆదోని, ఎమ్మిగనూరుల మీదుగా పోవు 167వ జాతీయ రహదారిపైననే మంత్రాలయ యాత్రికుల బస్సులు, కూలీల ఆటోలు పోవుచుండును.

కావున రుసుము తగ్గించి పరీక్షను బిగింపవలెను. బ్రేకు, స్టీరింగు, టైర్లు, పొగ — వీనిలో తప్పిన బండి అయిదేండ్లదైనను కదలరాదు. నెగ్గినది ఇరవైయేండ్లదైనను ఆపరాదు. పత్తి రాక తగ్గి లారీలు ఖాళీగా నిలుచు వేసవిలో, ఆదోనిలోనే ఈ పరీక్షలు జరిపినచో యజమానులకు పనిదినములు పోవు. మేస్త్రీలకు మరమ్మతునకు వ్యవధియు చిక్కును.