జ్వరం వస్తే ఎవరికి చెప్పాం?

2020 గురించి మన బ్యాచ్‌లో ఎవరిని కదిపినా ఆన్‌లైన్ క్లాసులు, పబ్జీ, డాల్గోనా కాఫీ, ఇవే చెబుతారు. అప్పుడు మనం తొమ్మిదో, పదో చదువుతున్నాం, కాబట్టి ఎవర్నీ తప్పుపట్టను. కానీ అదే లాక్‌డౌన్‌లో ఇంట్లో పెద్దవాళ్లకి ఒళ్లు వేడెక్కితే, షుగర్ మాత్రలు అయిపోతే, అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తే ఎవరి దగ్గరికి వెళ్లారు? వెళ్లిన చోట వాళ్లతో ఎలా మాట్లాడారు? కేసుల లెక్క రోజూ బులెటిన్‌లో వచ్చింది. ఈ సంగతులు మాత్రం ఏ బులెటిన్‌లోనూ రాలేదు. వైద్యం మనదాకా ఎలా వచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో తెలియాలంటే ఈ రెండో రకం కథలే కావాలని నా వాదన.

మేం అప్పుడు కృష్ణలంకలో అద్దెకుండేవాళ్లం. బెజవాడ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ ఇంతియాజ్ గారు ఒక వీడియోలో చెప్పారు: కృష్ణలంకలో ఒక లారీ డ్రైవర్ కాలక్షేపానికి చుట్టుపక్కల వాళ్లతో పేకాడితే 24 మందికి వైరస్ సోకిందని, కార్మికనగర్‌లో ఇంకో లారీ డ్రైవర్ వల్ల 15 మందికి వచ్చిందని. దేశమంతా పేపర్లలో వచ్చిన వార్త అది. ఆయన ఉద్దేశం జనానికి జాగ్రత్త చెప్పడమే, అందులో డౌట్ లేదు. కానీ మా వీధిలోకి ఆ వార్త ఇంకోలా దిగింది. గ్యాస్ బండ వేసే అబ్బాయి సందు మొదట్లోనే ఆగిపోయేవాడు. ఫోన్‌లో "ఎక్కడుంటారండీ" అని ఎవరైనా అడిగితే మా అమ్మ "బస్టాండు దగ్గర" అనేది, పేట పేరు చెప్పేది కాదు.

ఆ నెలలోనే జ్వరం, దగ్గు, జలుబు మందులు కొన్నవాళ్ల వివరాలు రాసి పంపమని మందుల షాపుల వాళ్లకి ప్రభుత్వం చెప్పింది. కాగితం మీద చూస్తే మంచి ఐడియానే. మా ఎదురింటి బాబాయిగారు ఆటో నడిపేవారు. ఆయనకి జ్వరం వస్తే పిన్నిగారు షాపుకెళ్లి "ఒళ్లు నొప్పులండీ, నాకే" అని చెప్పి మాత్రలు తెచ్చారు. రెండోసారి ఇంకో షాపు. బయటికి తెలిస్తే మొత్తం ఇంటినే తీసుకెళ్తారని భయం. పదో రోజుకి ఆయన లేచి నిలబడలేని స్థితికొచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్లారు. తీరా చూస్తే కోవిడ్ కాదు, టైఫాయిడ్. మొదటి వారంలో ఒక రక్త పరీక్ష చేయించుకుని, మందు పడి ఉంటే ఇంట్లోనే తగ్గేది. ఇరవై రోజులు మంచంలో ఉన్నారు, బిల్లుకి ఆటో అమ్మేశారు. ఏ కోవిడ్ లెక్కలోనూ ఆయన లేరు.

మన సీఎస్‌ఈ వాళ్ల భాషలో చెప్పాలంటే డేటా అడిగిన పద్ధతే డేటాని పాడుచేసింది. పేరు రాస్తారని తెలిస్తే జనం అబద్ధం చెబుతారు. మాటలు కూడా గమనించండి. "క్వారంటైన్‌కి పట్టుకెళ్లారు" అనేవాళ్లం మనందరం. పట్టుకెళ్లడం దొంగల విషయంలో వాడే మాట కదా! "సామాజిక దూరం" అనే మాట కూడా నాకు నచ్చదు. మన ఊళ్లలో ఆ దూరం ఎప్పట్నుంచో ఎవరు ఎవరితో పాటిస్తున్నారో అందరికీ తెలుసు, దాన్ని వైద్య సలహాకి పేరుగా పెట్టడం ఏంటి?

మా నానమ్మ ఊళ్లో కథ వేరు. నాగాయలంక దగ్గర చిన్న పల్లె. ఆమెది కీప్యాడ్ ఫోన్, ఆరోగ్య సేతు యాప్ ఆమెకి ఉన్నా లేనట్టే. బస్సుల్లేవు, అవనిగడ్డలో ఆమె చూపించుకునే క్లినిక్ మూసేశారు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ గారొక్కరే దిక్కు. (ఆర్‌ఎంపీలంటే నవ్వే ఫ్రెండ్స్, ఒక్కసారి దివిసీమలో రాత్రి పదింటికి ఎంబీబీఎస్ డాక్టర్ని వెతికి చూడండి.) షుగర్, బీపీ మాత్రలు మాత్రం ఆగలేదు. ఆశా అక్క తెచ్చిచ్చేది. వచ్చి అరుగు మీద దూరంగా కూర్చుని ముందు మోకాళ్ల నొప్పి గురించి, తర్వాత గేదె గురించి అడిగి, చివర్లో రిజిస్టర్ తీసేదట. దగ్గు ఉందా అంటే నానమ్మ నిజమే చెప్పేది. "దానికి చెప్పకపోతే ఎవరికి చెబుతాను రా" అంటుంది ఇప్పటికీ. అదే ప్రశ్న, అదే రిజిస్టర్, కానీ అడిగిన మనిషి పదేళ్లుగా తెలిసినది.

వాలంటీర్లూ ఇంటింటికీ తిరిగారు. సుమారు 50 ఇళ్లకి ఒకరు, నెలకి 5,000 గౌరవ వేతనం. వాళ్ల మీద రాజకీయం మొదలుపెడితే ఈ పేజీ చాలదు గానీ, ఆ ఎండల్లో మాస్కు పెట్టుకుని తిరిగినవాళ్లు మన వయసు పిల్లలకి కాస్త పెద్దవాళ్లు, అంతే. ఫోన్‌లో డాక్టర్ సలహా ఇచ్చే 14410 నంబర్ ఆ ఏప్రిల్‌లోనే వచ్చింది. జూలై 1న బెంజ్ సర్కిల్‌లో 1,088 కొత్త 108, 104 వాహనాలు బారులు తీరడం టీవీలో చూశాం. బండ్లు అవసరమే. కానీ బండిని పిలవడానికి భయపడే ఇంటికి ఎన్ని కొంటే ఏం లాభం?

డబ్బున్నవాళ్లు సుఖపడ్డారా అంటే అదీ లేదు. ప్రభుత్వాసుపత్రి అంటే భయపడి హోటల్ గదుల్లో నడిపే కోవిడ్ కేంద్రాల్లో చేరినవాళ్లు ఎందరో. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున అలాంటిదే ఒకటి, స్వర్ణ ప్యాలెస్ హోటల్, కాలింది. 10 మంది చనిపోయారు. మరుసటి ఏడాది మేలో హైదరాబాద్ వెళ్లే అంబులెన్సుల్ని తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపేస్తే, హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ దారి దొరకలేదు.

కొత్త జబ్బు కదా, ఆ మాత్రం కఠినంగా లేకపోతే ఎలా అని మా నాన్నలాంటి వాళ్లు అంటారు. బారికేడ్లు పెట్టడం వరకు ఒప్పుకుంటాను. కానీ మందు తెచ్చే చెయ్యీ, కేసు రాసే చెయ్యీ ఒకటే అయితే జనం రెండింటి నుంచీ దాక్కుంటారు.

బ్రిటన్‌లో కోవిడ్ మీద వేసిన విచారణ సంఘం "ఎవ్రీ స్టోరీ మ్యాటర్స్" పేరుతో మామూలు జనం అనుభవాలు సేకరించి, ఆసుపత్రుల గురించి వాళ్లు చెప్పినవన్నీ నివేదికగా వేసింది. మన దగ్గర ఎవరో సంఘం వేసేదాకా ఆగక్కర్లేదు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "లాక్‌డౌన్‌లో ఒంట్లో బాలేకపోతే ముందు ఎవరికి చెప్పారు?" మన క్లబ్‌కి పంపితే పేర్లు తీసేసి తెలుగులో రాసి పెట్టే పని నేను తీసుకుంటాను.

నానమ్మతో మొదలుపెట్టాను. నలభై నిమిషాలు మాట్లాడింది. అందులో కోవిడ్ గట్టిగా మూడు నిమిషాలు, మిగతాదంతా 1977 నవంబర్ 19 ఉప్పెన. ఏ ఇంట్లో ఎవరు పోయారో, ఎవరు ఏ చెట్టు పట్టుకుని బతికారో, గంజి ఎవరు పోశారో వరసగా చెప్పింది. మరి కరోనా గురించి ఇంత తక్కువేంటి నానమ్మా అంటే, "దాని గురించి ఎవరూ అడగలేదు కదరా" అంది.