చమురు వత్తిడి, గుర్రాల లెక్క

కోయంబత్తూరు చుట్టుపట్ల ఉన్న మన పిల్లలకు మోటారు పందేల పిచ్చి కొత్తది కాదు. చెట్టిపాళెం దగ్గర 2003లో కారి మోటార్ స్పీడ్‌వే వచ్చిన తరువాత అది ఇంకొంచెం ముదిరిందనే చెప్పాలి. సెలవుదినాలు వర్కుషాపులో గడిపే కుర్రవాళ్ల నోట ఒక మాట తరచు వింటున్నాము: చమురు వత్తిడి పెంచితే హార్సుపవరు పెరుగుతుందని. ఆ నమ్మకంతో పంపులో, ఎక్కువైన వత్తిడిని వదిలివేసే వాల్వు ఉన్నదే, దాని స్ప్రింగు కింద ఒక వాషరు వేసి బిగిస్తారు. గేజి ముల్లు పైకి లేస్తుంది. అందరికీ సంతోషం, ఒక్క ఇంజనుకు తప్ప.

ఈ నెల ఆ సంగతి విచారిద్దాము. మేము మెకానిక్కులము కాము, గుమాస్తాలము. కనుక జమాఖర్చుల రూపంలోనే చెబుతాము.

హార్సుపవరు జేమ్స్ వాట్ పెట్టిన కొలత. నిమిషంలో 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపితే ఒక గుర్రం బలం. ఇంజనులోని గుర్రాలన్నీ పెట్రోలు మండటంవల్ల పుట్టేవే. చమురు ఒక్క గుర్రాన్ని కూడా పుట్టించదు; పుట్టినవి దారిలో కూలిపోకుండా కాపాడుతుంది. పైగా పంపు తిరగడానికి మేత ఆ గుర్రాలనుంచే తీయాలి. నిమిషానికి 40 లీటర్ల చమురును చదరపు అంగుళానికి 70 పౌన్ల వత్తిడితో నెట్టటానికి సుమారు అర గుర్రం ఖర్చు. పంపులోని రాపిడి కలిపితే ఇంకా ఎక్కువ. వత్తిడి పెంచినకొద్దీ ఖర్చు పెరుగుతుంది, జమ వైపు పడేది లేదు.

మరి వత్తిడి దేనికి? క్రాంకు షాఫ్టు బేరింగులో పలుచని చమురు పొరమీద తేలుతూ తిరుగుతుంది. 2 అంగుళాల షాఫ్టుకూ బేరింగుకూ మధ్య సందు అంగుళంలో వెయ్యింట రెండు వంతులు, కాస్త అటూ ఇటూ. పిస్టనును మంట తన్నినప్పుడు ఆ పొరలో వత్తిడి వేల పౌన్లకు పోతుంది. 70 పౌన్ల పంపు దానిని మోయగలదా? షాఫ్టే గిరగిర తిరుగుతూ చమురును ఇరుకులోకి ఈడ్చుకొనిపోయి ఆ వత్తిడిని పుట్టించుకొంటుంది. పంపుది వడ్డన పని, విస్తరి ఖాళీ కాకుండా చూస్తే చాలు. అమెరికాలో పందెపు ఇంజనులు కట్టేవారి పాత లెక్క ఒకటున్నది: ప్రతి 1,000 చుట్లకు 10 పౌన్లు. 7,000 చుట్ల ఇంజనుకు 70 సరిపోతుంది.

ఇంకొక మాట. గేజి చూపేది ప్రవాహాన్ని కాదు, దానికి తగిలే అడ్డును. చమురు చల్లగా చిక్కగా ఉన్నా ముల్లు పైకే, బేరింగుకు పోయే దారి మూసుకొనిపోయినా పైకే!

అసలు గండం మలుపులో ఉన్నది. కారును పక్కకు తోసే బలం దాని బరువుతో సమానమైతే, అడుగు సంపులోని చమురు మట్టం 45 డిగ్రీలు వాలుతుంది. నిండు చెంబుతో సిటీబస్సులో నిలబడినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. చమురంతా ఒక గోడకు చేరగానే పంపు మూతి గాలి పీలుస్తుంది. ముల్లు పడిపోతుంది. కాని అప్పుడు డ్రైవరు చూపు మలుపుమీద ఉంటుంది, గేజిమీద కాదు. కొన్ని సెకన్లలోనే బేరింగు పాడవుతుంది. ఇంజను పట్టేస్తే వెనుక చక్రాలు బిగిసి కారు గిర్రున తిరిగిపోతుంది. లోపల కూర్చున్నవాడు మన పిల్లవాడు. స్ప్రింగు కింద ఎన్ని వాషర్లు వేస్తే మాత్రం, గాలి పీల్చే పంపు చమురును ఎక్కడనుంచి తెస్తుంది?

అందుకే పెద్ద పందేల కార్లకు డ్రై సంపు పెడతారు. చమురును ఇంజను అడుగున నిలవనివ్వక, వేరే పంపులతో లాగి విడిగా ఉన్న తొట్టికి చేరుస్తారు. బేరింగులకు అక్కడనుంచి పంపుతారు. ఇక్కడ మాత్రం గుర్రాలు నిజంగానే మిగులుతాయి. క్రాంకు షాఫ్టు అడుగునున్న చమురును కవ్వంలాగ చిలకవలసిన శ్రమ తప్పుతుంది గనుక. ఇంగ్లండులో కీత్ డక్‌వర్త్ రూపొందించిన కాస్వర్త్ డి.ఎఫ్.వి. ఇంజను ఈ పద్ధతిదే: 3 లీటర్లు, 8 సిలిండర్లు, 9,000 చుట్ల దగ్గర సుమారు 400 గుర్రాలు. 1967 జూన్ 4న హాలెండులోని జాండ్‌వోర్ట్‌లో జిమ్ క్లార్క్ దానిని తొలి పందెంలోనే గెలిపించాడు. 1983 దాకా ఆ వంశపు ఇంజనులు 155 ఫార్ములా వన్ పందేలు గెలిచాయి.

మన కుర్రవాళ్ల చేతిలో అంత డబ్బు ఉండదు, నిజమే. కాని సంపులో చమురు పరుగెత్తకుండా అడ్డురేకులు వేయించటం ఏ లేతు పట్టరైలోనైనా జరిగే పని. వత్తిడి పడిపోయిన క్షణాన వెలిగే పెద్ద ఎర్రదీపం ఒకటి స్టీరింగుకు ఎదురుగా బిగించమనండి. అది వెలిగితే క్లచ్చి తొక్కి, ఇంజను ఆపి, కారును పక్కకు తీయమని ముందే చెప్పి ఉంచండి.