మొజార్టు సొనాటాకు రెండవ పియానో

ఒక మహాకవి పద్యమున నడుమ నడుమ మరియొకరు తమ మాటలు చేర్చినచో మనము సహింతుమా? సహింపము. కాని సంగీతమున ఇంచుమించు అట్టి సాహసమే 1877వ సంవత్సరమున జరిగినది. చేసినవాడు సామాన్యుడు కాడు. నార్వే దేశపు ప్రసిద్ధ స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్.

సొనాటా యనగా వేర్వేరు నడకలు గల కొన్ని భాగముల వాద్యరచన. మొజార్టు 1788లో పియానోకు సి మేజర్‌లో మూడు భాగముల చిన్న సొనాటా నొకదానిని వ్రాసి, ఇది క్రొత్తగా నేర్చువారి కొరకని తన పట్టికలో గుర్తించుకొనెను. ఆయన జీవించియుండగా అది అచ్చు కాలేదు. నేడు పియానో నేర్చువారిలో దాని నెరుగనివారు అరుదు. మన స్వరములతో చెప్పినచో, ఆరంభమున ఎడమచేయి స ప గ ప, స ప గ ప అని పలుకుచుండగా కుడిచేయి తేటయైన పాటను నడపును. అంతకు మించి ఏమియు లేదు. ఆ లేకపోవుటయే దాని అందము.

గ్రీగ్ మొజార్టు స్వరములను మార్పలేదు. వానిని మొదటి పియానోకు యథాతథముగా విడిచి, రెండవ పియానోకు క్రొత్త భాగము కూర్చెను. మొజార్టు రచనలు మరికొన్నిటికిని ఇట్లే చేసెను. బోధనకు ఉపకరింపవలెనని ఆయన ఉద్దేశము.

ఇది అపచారమని కొందరందురు. నేనట్లు తలపను. ఒక్కరికై వ్రాసిన రచనను ఇద్దరికి పంచుటకు సులభమైన దారి వేరొకటి కలదు: పాటను ఒకరికి, తోడు స్వరములను మరియొకరికి ఇచ్చుట. అప్పుడు చేతులు నాలుగైనను సంగీతము పెరుగదు. పైగా ఏ ఒక్కరి చేతిలోను పూర్తి రచన మిగులదు. గ్రీగ్ పద్ధతిలో రెండవవారు లేచి వెళ్లినను మొజార్టునకు లోటు రాదు. పోవునది గ్రీగ్ మాత్రమే. గురువు రెండవ పియానో వద్ద కూర్చుండినచో, నిన్నమొన్న వ్రేళ్లు కుదురుకొన్న బాలిక వాయించు చిన్న పాట చుట్టును గంభీరనాదము లేచును. ఆమె వాయించినది మాత్రము మొజార్టు వ్రాసినదే. ఏకాంతసాధనలో ఈ అనుభవము దొరకదు. (రెండు పియానోలు గల ఇల్లు ఎక్కడ దొరకునన్నది వేరు ప్రశ్న!)

అయినను గ్రీగ్‌ను పూర్తిగా సమర్థింపలేను. ఆయన 19వ శతాబ్దపువాడు. నిండైన స్వరమేళనములు ఆయనకు ప్రియములు. వేగముగల మొదటి భాగమున అవి చెల్లును. పరుగెత్తువానికి తోడు పరుగు ఉత్సాహమే గదా. నెమ్మదిగా సాగు రెండవ భాగమును మొజార్టు కావలెననియే పలుచగా వ్రాసెను. ఆ పలుచదనముపై గ్రీగ్ దట్టమైన రంగు పూసెనని నాకు తోచును. ఆ భాగము వచ్చినప్పుడు రెండవ పియానో మూత వేసి, మొదటిదానిని ఒంటిగా వినుటయే నాకిష్టము. మూడవ భాగమునకు మూత మరల తెరువవచ్చును.