గోడ మీద బొమ్మ ఎవరు తేల్చాలె?

సిరిసిల్లలో 2021 జూలైలో, జగిత్యాలలో 2022 డిసెంబరులో కొత్త కలెక్టరేట్లు మొదలైనయి. రేపు కోరుట్లలో ఇంకో సర్కారు బిల్డింగు లేస్తది. ఇటుక మోసేది, రాయి కొట్టేది మన వాడలోళ్లే. మరి ఆ గోడ మీద ఏ బొమ్మ ఉండాలో తేల్చేది ఎవరు?

2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించిండ్రు. మన గుండె నిండింది. అయితే పట్నంల ఒక్క విగ్రహంతోనే జిల్లాల్లో మన లెక్క తీరదు.

బొమ్మ రాయించుడు మనకు కొత్త కాదు. డక్కలి కళాకారులు పటం విప్పి మాదిగ వాడలకు జాంబపురాణం చెప్పిండ్రు. ఆ పటాలు రాసింది నకాషీలు, రాయించింది కథ చెప్పేటోళ్లు. ఏ కథ గీయాలో కథ తెలిసినోళ్లే చెప్పిండ్రు. చెరియాలలో ఆ పటం పని నేటికీ బతికున్నది.

అందుకే మేము అడుగుతున్నం: నక్షా గీసేనాడే బొమ్మకు జాగా చూపాలె, అంచనాలో పైసలు రాయాలె. ఎంపిక కమిటీలో డక్కలి, చిందు కళాకారులు, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు, వాడల ఆడోళ్లు కూసోవాలె. కళాకారుల కూలి ముందే ఖరారు కావాలె. గుత్తేదారు ఇష్టానికి వదిలితే మన చరిత్ర గోడకెక్కదు.

సంఘాలు ఊరూరా తీర్మానాలు చేసి కలెక్టర్లకు అందజేయాలె. జై భీమ్!