హౌస్‌వైఫే!

"మేడమ్ ఏం చేస్తుంటారు సార్?"

కన్సల్టెన్సీ కుర్రాడు అడిగింది నా గురించే. కానీ అడిగింది మావారిని. నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను, ఒళ్ళో పాస్‌పోర్టు పెట్టుకుని. మావారు ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఏం లేదు, హౌస్‌వైఫే" అన్నారు.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, ఇలాంటివి చెవికి తగులుతాయి. హౌస్‌వైఫ్ అంటే సరిపోయేది. చివర ఆ "ఏ" ఎందుకు? "ఏం లేదండీ, డాక్టరే" అని ఎవరైనా అనగా విన్నారా మీరు? పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది. ఆ "ఏ" ని ఎన్నిసార్లు విన్నానో, నేను కూడా ఎన్నిసార్లు నా నోటితో అన్నానో లెక్కలేదు.

సంగతేంటంటే, డాలస్ దగ్గర ఉంటున్న మా చెల్లెలికి అప్పుడు అయిదో నెల. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. దాని అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, అంతదూరం ప్రయాణం చేయలేరు. "అక్కా, నువ్వు రావే" అంది ఫోన్లో. అంతకంటే ఏమీ అనలేదు, అనక్కర్లేదు కూడా. అమ్మ ఉంటే ఈ పాటికి శొంఠి దంచుతూ ఉండేది.

అమెరికా టూరిస్టు వీసా అంటే బీ1/బీ2. దానికి డీఎస్-160 అని ఆన్‌లైన్ ఫారం నింపాలి. మనిషికి 185 డాలర్లు ఫీజు, మన లెక్కలో పదిహేను వేల పైమాటే. వీసా వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. వేలిముద్రలకు ఒకరోజు, ఇంటర్వ్యూకి ఒకరోజు వెళ్ళాలి. ఇంత తతంగం మనకెందుకు, తెలిసినవాళ్ళకి అప్పగిద్దాం అని మావారు ఈ కన్సల్టెన్సీకి తీసుకొచ్చారు. మా ఊళ్ళో సగం మంది అక్కడికే వెళ్తారు.

మావారి "హౌస్‌వైఫే" వినగానే ఆ అబ్బాయి పెదవి విరిచాడు. "ఖాళీగా ఉంటారని రాస్తే కష్టం సార్. ఏదైనా పెట్టేద్దాం లెండి" అన్నాడు. ఏం పెడతాడో నాకర్థం కాలేదు. మూడోరోజు రాత్రి ఫారం వాట్సాప్‌లో వచ్చింది, "చూసి ఓకే చెప్పండి, సంతకం బటన్ కూడా మేమే కొట్టేస్తాం" అన్న మెసేజ్‌తో సహా. మావారు చూడకుండానే ఓకే అన్నారు. గిన్నెలు తోమడం అయ్యాక నేను చూశాను.

నాకు లేడీస్ బొటిక్ ఉంది! నెలకు నలభై వేలు ఆదాయం! మా చెల్లెలు నాకు చెల్లెలు కాదు, స్నేహితురాలు. అమెరికాలో తోబుట్టువులెవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకు లేరు అని ఉంది. నేను వెళ్ళేది పురుడుకి కాదు, నయాగరా జలపాతం చూడడానికి. దానితోపాటు ఇంటర్వ్యూలో బట్టీపట్టి చెప్పాల్సిన జవాబులు రెండు పేజీలు. అన్నిటికంటే నవ్వొచ్చింది చివర్న. "ఈ దరఖాస్తు నింపడంలో మీకెవరైనా సాయం చేశారా" అని అడిగితే అక్కడ కూడా "లేదు" అనే పెట్టాడు మహానుభావుడు.

"నా బొటిక్‌లో ఎన్ని మిషన్లున్నాయండీ?" అని మావారిని అడిగాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అందరూ అలాగే రాస్తారే, ఇప్పుడు హరిశ్చంద్రుడి చెల్లెలివి కాకు" అన్నారు. మా అత్తగారయితే అప్పటికే చిలుకూరు వెళ్ళడానికి సిద్ధం. అక్కడ బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటే వీసా వస్తుందని, వచ్చాక నూటెనిమిది చేయాలని అందరికీ తెలుసుగా. దేవుడికి దండం పెట్టుకోవడం మంచిదే. కానీ చెల్లెల్ని చెల్లెలు కాదని రాసిన కాగితానికి ఫలితమివ్వమని ఆయన్ని ఎలా అడగను?

ఆ రాత్రి మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. మావారి భయం అన్యాయమైనదని నేననను. "నిజం రాసి వీసా పోగొట్టుకుంటే అక్కడ దానికెవరున్నారు" అన్నారు. ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. పట్టుదల మనిషిది, పురిటినొప్పులు ఇంకొకరివి. అయినా నా మనసు ఒప్పలేదు.

మర్నాటి నుంచి నేనే మొదలుపెట్టాను. ఇంగ్లీషు ఫారం, నాది తెలుగు మీడియం. కాసేపు ఏమీ నొక్కకుండా కూర్చుంటే పేజీ మూసుకుపోతుంది. పైన వచ్చే అప్లికేషన్ నంబరు రాసుకోకపోతే మళ్ళీ మొదటికి. అన్నం కుక్కర్లో పెట్టి ఒక పేజీ, పప్పుకు పోపు పెట్టి ఒక పేజీ, ఇలా నాలుగు రోజులు పట్టింది. నేను ఉగ్రవాదం చేయడానికి వస్తున్నానా, మారణహోమాలకు ఆదేశాలిచ్చానా అని కూడా అడిగారు. పక్కింటావిడతో నీళ్ళ దగ్గర పడ్డ గొడవ తప్ప నా ఖాతాలో ఏమీ లేవు.

ఒకచోట "మీ పూర్తి పేరు మీ మాతృభాష లిపిలో" అని ఉంది. చూసి ఆగిపోయాను. కీబోర్డు మార్చి అచ్చ తెలుగులో నా పేరు కొట్టాను. బ్యాంకు చెక్కు మీద కూడా ఇంగ్లీషులోనే సంతకం చేసే నన్ను, నీ పేరు నీ అక్షరాల్లో రాయి అని అమెరికా వాడు అడగడం! చదువు గడిలో బి.ఏ., తెలుగు సాహిత్యం అని రాశాను. పెళ్ళిచూపుల తర్వాత నా డిగ్రీ గురించి అడిగినవాళ్ళు వీళ్ళే.

ఇంక అసలు గడి, వృత్తి. బాణం గుర్తు నొక్కితే పెద్ద జాబితా వచ్చింది. వ్యవసాయం, కళలు, ప్రభుత్వోద్యోగం, వాటి మధ్యలో "హోమ్‌మేకర్". ఖాళీగా ఉన్నవాళ్ళకు "ఉద్యోగం లేదు" అని ఇంకో వరస వేరే ఉంది. అంటే ఆ రెండూ ఒకటి కాదన్నమాట! మన జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసేవాళ్ళం పనిచేయనివారి పద్దులోకి వెళ్తాం. మన ప్రభుత్వం వాళ్ళే 2019లో సమయ వినియోగ సర్వే చేసి, ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేల్చారు. మగవాళ్ళయితే 97. దాదాపు అయిదు గంటల పని చేసేవాళ్ళు పనిచేయనివాళ్ళు ఎలా అయ్యారో నాకు తెలీదు. నా పనికి ఫారంలో మాటుంది, మనవాడే దాన్ని కొట్టేసి బొటిక్ రాశాడు. నాకు కోపం వచ్చింది అందుకే.

మావాడు రెండు ప్రశ్నలకు అర్థం చెప్పాడు. అది సాయం కిందకు వస్తుందా రాదా అని పదినిమిషాలు ఆలోచించి, చివర్న "అవును" అని పెట్టి వాడి పేరు రాశాను. ఇంటర్ చదివే పిల్లాడి పేరు అమెరికా వీసా ఫారంలో ఎక్కినందుకు వాడు తెగ మురిసిపోయాడు. ఇంకొకరు నింపిపెట్టినా సంతకం బటన్ మాత్రం ఎవరి దరఖాస్తుకు వాళ్ళే నొక్కాలన్నది అక్కడి నియమం. నేనే నొక్కాను.

ఇంటర్వ్యూ తెలుగులోనే జరిగింది. హైదరాబాదులో తెలుగు అడగొచ్చు, ఇంగ్లీషు రాదని హడలిపోనక్కర్లేదు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఎందుకు వెళ్తున్నారు?"

"మా చెల్లెలికి కాన్పు. మా అమ్మ లేదు."

"మీ భర్త జీతమెంత?"

ఇక్కడ తడబడ్డాను. నెలకు ఇంటిఖర్చుకి నా చేతికెంత వస్తుందో పైసలతో సహా చెప్పగలను. పాలవాడి లెక్క, పిల్లాడి ఫీజు, చీటీ డబ్బులు అన్నీ తెలుసు. ఆయన జీతమెంతో, ఇంటిలోను ఇంకెంత మిగిలిందో నాకు నిజంగా తెలియదు. ఒక అంకె చెప్పి, కాదేమో అన్నాను. ఫైలు నిండా పట్టుకెళ్ళిన కాగితాలు ఒక్కటీ అడగలేదు. పాస్‌పోర్టుతోపాటు ఒక కాగితం చేతిలో పెట్టారు. 214(బి).

వీసా రాలేదు.

ఆ సెక్షన్ గురించి తర్వాత చదువుకున్నాను. 1952 నాటి వాళ్ళ వలస చట్టంలోది. టూరిస్టుగా వస్తామన్న ప్రతివాళ్ళనీ అక్కడే ఉండిపోయేవాళ్ళుగానే ముందు అనుకోవాలట. కాదని ఒప్పించాల్సిన బాధ్యత మనది. ఒప్పించలేకపోతే నిరాకరణే. అది మనమీద నేరం మోపడం కాదు, మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. అదే, అబద్ధం రాసి దొరికితే వేరే సెక్షన్ ఉంది, 212(ఏ)(6)(సి). అది పడితే జీవితాంతం వెంటాడుతుంది. ఈ తేడా ఆ కన్సల్టెన్సీ వాళ్ళకు తెలియదనుకోను. తెలిసినా వాళ్ళకేం? దొరికేది వాళ్ళు కాదు, కౌంటర్ ముందు నిలబడ్డ మనం.

తిరుగు ప్రయాణంలో రైల్లో మావారు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది. ఇంటికొచ్చాక చుట్టాల ఫోన్లు. "బొటిక్ అని రాసుంటే వచ్చేసేది" అని పరామర్శలు.

చెల్లెలు నేను లేకుండానే కంది. పది రోజులు వీడియో కాల్‌లో నేను పురిటి వంట చెప్పడం, మా మరిది వండడం. కాయం ముద్దకు శొంఠి, పిప్పళ్ళు ఇండియన్ స్టోరులో వెతికి తెచ్చాడు. పిల్లాడికి సాంబ్రాణి పొగ వేస్తానంటే, ఇంట్లో పొగ అలారం మోగి ఫైరింజన్ వస్తుంది వదినా అన్నాడు. అందరం నవ్వాం. ఒకసారి చెల్లెలు ఫోన్ పక్కన పెట్టేసి, తెర మీద పైకప్పు ఒకటే కనిపిస్తుంటే, ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆ రాత్రి మాత్రం, బొటిక్ రాసి ఉంటే ఏం పోయేది అనుకున్నాను. అనుకోలేదని చెబితే అదీ అబద్ధమే అవుతుంది.

ఏడాది తర్వాత మళ్ళీ దరఖాస్తు చేశాను. వీసా ఎప్పుడైనా నిరాకరించారా అంటే అవునని రాశాను. చెల్లెలు చెల్లెలే, నేను హోమ్‌మేకర్‌నే. ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. వెళ్ళేముందు మావారిని కూర్చోబెట్టి జీతం, లోను, పాలసీలు, ఎఫ్‌డీలు అన్నీ ఒక నోటు పుస్తకంలో రాయించుకున్నాను. "ఇవన్నీ నీకెందుకు" అని ఆయనా అనలేదు, ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదని నేనే సిగ్గుపడ్డాను. ఈసారి వేరే ఆఫీసరు, దాదాపు అవే ప్రశ్నలు. జీతం రూపాయి తేడా లేకుండా చెప్పాను. పదేళ్ళ వీసా వచ్చింది.

నిజం చెబితే వీసా వస్తుందని నేను చెప్పడంలేదు. మొదటిసారి నిజం చెప్పే కదా పోగొట్టుకున్నాను. రెండోసారి ఎందుకిచ్చారో నాకు తెలియదు, వాళ్ళు చెప్పరు. నేను చెప్పేదల్లా, మీ ఫారం మీరు నింపుకోండి. ఇంగ్లీషు రాకపోతే పిల్లల్ని పక్కన పెట్టుకోండి. డబ్బిచ్చి నింపించుకున్నా ప్రతి గడీ చదివించుకుని, సంతకం బటన్ మీరు నొక్కండి. మనకు లేని కొట్టు పెట్టి, ఉన్న చెల్లెల్ని తీసేస్తుంటే "ఓకే" అని మెసేజ్ పెట్టకండి. మీ ఇంటి ఆదాయమెంతో ఈ రాత్రే అడగండి, వీసాతో పనున్నా లేకపోయినా.

వచ్చే నెల నా ప్రయాణం. పిల్లాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడట. ఇప్పుడు మావారు కూడా వస్తానంటున్నారు. "నువ్వెలాగూ నేర్చుకున్నావుగా, నాదీ నింపేయ్" అన్నారు. కుదరదన్నాను, పక్కన కూర్చుంటాను కానీ మీరే కొట్టండి అన్నాను. నిన్న రాత్రి మొదలుపెట్టారు. ఒక పేజీలో ఆగిపోయి, "అమ్మ పుట్టినరోజు ఎప్పుడోయ్?" అన్నారు. నన్నడుగుతారేంటి, అత్తయ్యగారినే అడగండన్నాను. ఆవిడ విస్తరి కుట్టడం ఆపి చాలాసేపు ఆలోచించి, "గోదావరి పుష్కరాలు వచ్చిన ఏడే. దీపావళి వెళ్ళిన నాలుగోరోజున పుట్టానని మా అమ్మ చెప్పేది" అన్నారు. మావారు కంప్యూటర్ వంక, అమ్మ వంక మార్చి మార్చి చూస్తున్నారు. పక్కన "తెలియదు" అనే గడి ఉంటుందని నాకు తెలుసు. ఇంకా చెప్పలేదు.